రంగు నిలిచినంతసేపు

మార్చి పన్నెండు, బుధవారం. ఆ మధ్యాహ్నం నేను తిన్నది రెండు ఉడకబెట్టిన గుడ్లు, ఒక అరటిపండు. గుడ్లు చెంచాతో తిన్నాను. చెంచా మా అత్తయ్య పెట్టిన నియమం. నీళ్ళను శుద్ధిచేసే మందు పర్మాంగనేటు, నీళ్ళలో ఊదాగా కరుగుతుంది గానీ, చర్మం మీద పడితే గోధుమరంగై కూర్చుంటుంది. పదకొండేళ్ళుగా నీటి శుద్ధి కేంద్రం ల్యాబులో ఉన్నదాన్ని, నా వేళ్ళెప్పుడూ ఆ రంగే. "ఆ చేతులు కంచంలో పెడితే ఎదురుగా కూర్చున్నవాళ్ళకి ముద్ద దిగుతుందా అమ్మాయ్?" అనేది. పొద్దున్న అయిదింటికి అవే చేతులు ఇంటిల్లిపాదికీ వండేవి, డబ్బాలు సర్దేవి, ఆవిడ మోకాళ్ళకు నూనె రాసేవి. వండేటప్పుడు కనబడని మరక తినేటప్పుడే కనబడేది. అలాగని ఆవిడ రాతిమనిషేం కాదు. సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి సింకు గట్టు మీద సగం నిమ్మచెక్క ఉండేది. రుద్దుకోమని ఎప్పుడూ అనలేదు. అక్కడ ఉంచేది, అంతే.

గుడ్లు తింటూ నేను చూస్తున్నది పరీక్షకు మందు కలిపి పెట్టిన నీళ్ళ సీసాని. నదికి ఎగువన రంగుల ఫ్యాక్టరీ వదిలే విషం మా నీళ్ళలో కలుస్తుంది. దాన్ని విరగ్గొట్టడానికే పర్మాంగనేటు. కానీ అది నేరుగా వెళ్ళి విషాన్ని పట్టుకోదు. కుళ్ళిన ఆకులు, ఇనుము, బురద, దారిలో ఎదురైన ప్రతిదానికీ తనను తాను పంచిపెట్టుకుంటూ పోతుంది. అందరికీ పంచాక ఏమైనా మిగిలితేనే అసలు పని. ఈ గుణం నాకు పుస్తకాల్లో చదవకముందే తెలుసేమో అనిపిస్తుంది. మందు కలిపిన నీళ్ళలో గులాబీ రంగు అరగంట నిలిస్తే మోతాదు సరిపోయినట్టు. ఆ రోజు రెండో గుడ్డు సగంలో ఉండగానే రంగు పోయింది. పది నిమిషాలు.

మూడు వారాలుగా ఇదే వరస. ఫిబ్రవరిలో ఒకరోజు మందు ఎక్కువై కొళాయిల్లో గులాబీ నీళ్ళు వచ్చాయి. జనం ఫోన్లతో దుమ్మెత్తిపోశారు. ఇంజనీరు గారు మోతాదు సగానికి సగం తెగ్గోశారు. "ఇప్పుడు చూడమ్మా, నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అద్దానికి కూడా వంకలు పెడితే ఎలా? 'సరిపోయింది' అని రాసి సంతకం పెట్టెయ్" అన్నారు. చాలా మర్యాదగా, నాకు స్వయంగా కుర్చీ జరిపి. "మార్చి పదిహేడు సోమవారం నీ కాంట్రాక్టు కాగితం నా బల్ల మీదికే వస్తుంది" అని కూడా అంతే మర్యాదగా గుర్తుచేశారు. మూడు వారాలు అలాగే రాసిచ్చాను.

ఇంట్లో అత్తయ్య గ్లాసు పట్టుకుని ముఖం చిట్లించేది. "నీళ్ళు ఫినాయిలు కంపు కొడుతున్నాయిరా."

"నీ ముక్కు పోయిందమ్మా, నీళ్ళకేం కాలేదు" అని నవ్వేవారు మావారు. ఆయన ఆ కేంద్రంలోనే స్టోర్ కీపరు. ప్రమోషను ఇంజనీరు గారి కలం మొనలో ఉంది. నేను మళ్ళీ అదే కొళాయి నీళ్ళతో ఆవిడ గ్లాసు నింపేదాన్ని.

మంగళవారం సాయంత్రం మాత్రం మావారితో, "రేపటి నుంచి అలా రాయలేనండీ" అన్నాను.

"ఏంటి కొత్తగా పౌరుషం? నువ్వు సంతకం గీకకపోతే నది ఎండిపోద్దా? పదకొండేళ్ళుగా ఇంట్లో ఒక్కనాడు నోరెత్తావా? ఏ లోటూ లేదు కాబట్టేగా!"

రాత్రంతా ఆ మాట నమిలాను. ఇంజనీరు గారిదీ, ఈయనదీ ఒకటే పొరపాటు. రంగు పోయిందంటే మురికి పోయిందని కాదు. మందు అయిపోయిందని.

బుధవారం అరటిపండు తొక్క పారేసి, చేతులు తుడుచుకుని రాశాను: "పది నిమిషాలు. మోతాదు చాలలేదు. గత మూడు వారాలూ చాలలేదు." సంతకం పెట్టి, ఒక ప్రతి పై ఆఫీసుకు పంపాను. మోతాదు పెరుగుతుందన్న భ్రమ నాకేం లేదు. సోమవారం నా కుర్చీలో ఇంకొకరు కూర్చుని "సరిపోయింది" అని రాస్తారు.

నేను ఇల్లు చేరేలోపే కబురు చేరింది. మావారు గదిలో ఇంజనీరు గారితో ఫోనులో ఉన్నారు. "అబ్బే, ఆవిడకి ఒంట్లో బాలేదు సార్. కంగారులో రాసేసింది. రేపు దిద్దుతుంది సార్." సింకు గట్టు మీద నిమ్మచెక్క ఉంది. దాన్ని ముట్టుకోకుండా ఉత్తి నీళ్ళతో చేతులు కడుక్కుని వంటింట్లో కూర్చున్నాను.

అత్తయ్య అడిగింది. "నిజం చెప్పు. నీళ్ళకి వాసన ఉందా, లేదా?"

"ఉంది అత్తయ్యా. మీ ముక్కు బాగానే ఉంది."

"నీకెప్పటి నుంచి తెలుసు?"

"మూడు వారాల నుంచి."

"తెలిసే పోశావా నాకు?"

"పోశాను."

ఆవిడ నా వేళ్ళ వైపు చూసింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండనీ అనుకున్నాను. లేచి నాకు కంచం పెట్టింది. అందులో చెంచా లేదు.

"రేపు పొద్దున్నే వెళ్ళి దిద్దుతావుగా?" గదిలోంచి ఆయన కేక.

"దిద్దను" అన్నాను, మొదటి ముద్ద కలుపుతూ.

ఆయన గొంతు పెరిగింది. అత్తయ్య మోకాళ్ళు పట్టుకుంటూ నడిచివెళ్ళి, కొడుకు గది తలుపు ఆ రాత్రికి చప్పుడు కాకుండా మూసింది.