బహుమతి చీర

ఎవరో ఉప్పందించారని కోమలి నమ్మకం. లేకపోతే మామిడిపండు తొక్క తీసి టెంక వేరుచేయడానికి ఒక ఆడమనిషికి ఎంతసేపు పడుతుందో ఏసీ గదిలో కూర్చున్నవాళ్లకు ఎలా తెలుస్తుంది? వడమాలపేట అవతలున్న ఆ గుజ్జు ఫ్యాక్టరీలో ఈ సీజను మొదలవుతూనే ఆ లెక్క కట్టి క్రేటుకిచ్చే కూలి తగ్గించేశారు. డబ్బాలేమో నిరుటికంటే ఎక్కువే ఓడలెక్కుతున్నాయి. గేటు పక్కన కొత్త షెడ్డు లేచింది, యజమానికి కొత్త కారొచ్చింది. కరువొచ్చింది కూలీలకే.

అడగడానికి దిక్కెవరు? ఒకప్పుడు సంఘం పెట్టి గేటు ముందు జెండా పాతిన కుప్పుస్వామే ఇప్పుడు కూలీల కాంట్రాక్టరు. భుజాన పార్టీ కండువా ఒకటి.

"మీరు కంపెనీ మనుసులు గాదు, నా మనుసులు. సట్టం మారింది. సంఘం గింఘం అంటే రేపట్నించి రావద్దండి," అని నవ్వుతూనే చెప్పాడు మహానుభావుడు. పాత జెండా కర్రకు ఇప్పుడు ఆయన ఆఫీసు బోర్డు వేలాడుతోంది.

కోమలి చూపు పంకజాక్షి మీద పడింది. ఇద్దరూ ఏళ్లుగా ఒకే బల్ల దగ్గర పక్కపక్కనే కోస్తున్నారు. పంకజాక్షి మొగుడికి ఈమధ్యనే ఇదే ఫ్యాక్టరీలో వాచ్‌మెన్ పని దొరికింది. ఊరికే దొరుకుతుందా? కోమలి మాట మానేసింది. సద్ది విప్పినప్పుడు ఆమె ఊరగాయ వేయబోతే చెయ్యి అడ్డం పెట్టింది. అంతటితో ఊరుకుందా, మిగతా ఆడవాళ్ల చెవినా వేసింది. పంకజాక్షి వస్తుంటే వాళ్లూ మాటలు ఆపేయడం మొదలుపెట్టారు.

"నేనేం తప్పు సేసినానక్కా?" అని పంకజాక్షి అడిగింది.

"నీ మొగుణ్ణే అడుగు పో," అంది కోమలి.

సోమవారం కుప్పుస్వామి షెడ్డులోకి టీవీ తెప్పించాడు. "కూలి సాల్లేదని ఏడస్తా ఉండారంటనే. ఇంత జోరుగా కోస్తే పాతదానికంటే ఎక్కవే వస్తాది. మనిసి సేసిన పనే, సూడండి."

తెరమీద రెండు చేతులు. ముఖం లేదు. కత్తి తిరుగుతుంటే తొక్క జారిపోతోంది, టెంక పక్కన పడుతోంది, అప్పుడే ఇంకో పండు చేతిలో ఉంది.

"ఎవురు మే ఈ రాచ్చసి?" అని ఒకామె గొణిగింది.

కోమలి తన ఎడమ బొటనవేలిని చూసుకుంది. తెరమీది వేలి గోరు కూడా దానిలాగే నిలువునా చీలి ఉంది. నిరుడు సీజను చివర్లో ఎవరో కెమెరా పట్టుకొచ్చి, నీ అంత బాగా కోసేవాళ్లు లేరంట, ఒకసారి చూపించమ్మా అన్నారు. పొంగిపోయి, పావుగంట ఊపిరి బిగబట్టి కోసింది. చప్పట్లు కొట్టి చీర పెట్టారు. ఇప్పుడు ఏప్రాను కింద కట్టుకున్నది ఆ చీరే.

పంకజాక్షి తెరను చూసింది, కోమలి బొటనవేలిని చూసింది. ఆ చూపునే కోమలి భరించలేకపోయింది.

"ఆ సేతులు నావే," అంది గట్టిగా. "పావుగంట కోసినా సామీ. దినమంతా అట్ల ఎవురు కోస్తారు? నేనే కొయ్యలేను."

"కోసి సూపించినావు గదమ్మా," అన్నాడు కుప్పుస్వామి. టీవీ ఆపలేదు.

మధ్యాహ్నం సద్ది విప్పినప్పుడు కోమలి పక్కన ఎవరూ కూర్చోలేదు. పంకజాక్షి ఊరగాయ డబ్బా అందరికీ తిప్పుతూ ఆమె దాకా వచ్చి ఆగింది. ఏప్రాను కింద కనిపిస్తున్న చీర అంచును చూసింది.

"చీర ఒగటేనా అక్కా, ఇంకేమన్నా ఇచ్చినారా?"

"ఒట్టు మే, చీరే," అంది కోమలి.

ఒక్కరూ నమ్మలేదు.