లేవని గీత

మిఫ్తాహ్ తుపాకీ మడమతో ఇద్రిస్ మూతి మీద ఇంకోసారి పొడిచాడు. రెండు పళ్లు ప్రయోగశాల నేల మీద పడ్డాయి.

"వీడు పెట్టిన కాఫీ తాగే మా అన్న నురగలు కక్కుకుని చచ్చాడు, డాక్టరమ్మా. ఇదిగో ఆ ఫ్లాస్కు. పురుగుమందు కలిసిందో లేదో చెప్పు. కలిస్తే వీణ్ణి ఇక్కడే కాల్చేస్తా."

"మా అమ్మ మీద ఒట్టు సిదీ, ఒట్టు దొరా, నాకేం తెలీదు," అన్నాడు ఆ సూడాన్ వంటవాడు నెత్తురు ఉమ్ముతూ.

టమాటాల్లో పురుగుమందు జాడ పట్టే యంత్రం మిస్రాతా ఊరు మొత్తంలో ఈ డాక్టర్ ఇంతిసార్ దగ్గరే ఉంది. మందు అణువు మరీ చిన్నది. యంత్రంలోని వెలుగు దాన్ని కన్నెత్తి కూడా చూడదు. అందుకే మందును పట్టుకునే ఇనుప నలుసులు కలుపుతుందామె. అయస్కాంతం వాటిని బంగారు రేకు మీదికి లాగుతుంది. కాఫీలో మందు లేకపోతే నలుసుల చేతులు ఖాళీ. రేకును పట్టుకుని ఉండిపోతాయి, తెర మీద గీత లేస్తుంది. మందు ఉంటే చేతులు నిండిపోయి, కడగ్గానే కొట్టుకుపోతాయి. గీత లేవదు.

నలుసులు కలిపిన కాఫీ చుక్క వేసింది. అయస్కాంతం పెట్టింది, కడిగింది. గీత నేలబారుగానే ఉండిపోయింది.

"లేవలేదుగా! అంటే విషం లేనట్టేగా?" అన్నాడు మిఫ్తాహ్.

కలిపింది ఇద్రిసో కాదో ఆమెకు తెలియదు. కళ్లముందు ఒక మనిషిని చంపుతుంటే చూసే ధైర్యం లేదు, అంతే.

"లేనట్టే," అంది.

అంత మొరటు మనిషీ భోరుమన్నాడు. ఇద్రిస్‌ను లేవదీసి కావలించుకున్నాడు. ఆమె ఊపిరి పీల్చుకునేలోగా ఫ్లాస్కు మూత తీసి రెండు కప్పుల్లో పోశాడు.

"నీ మీద అభాండం వేశానురా. మా అన్న కాఫీ ఇద్దరం కలిసి తాగితేగాని ఈ పాపం పోదు. కానియ్, తాగు."

ఇద్రిస్ వెంటనే అందుకున్నాడు. విషం కలిపినవాడు అలా అందుకోడని ఇంతిసార్‌కు అప్పుడు తెలిసింది. "వద్దు!" అని అరిచి అతని చేతి మీద కొట్టింది. కప్పు గోడకు తగిలి పగిలింది.

మిఫ్తాహ్ కప్పు అప్పటికే ఖాళీ.

"గీత లేవకపోతేనే విషం," అంది ఏడుస్తూ. "ఆస్పత్రికి పదండి, ఇప్పుడే పదండి!"

మిఫ్తాహ్ వేళాకోళమనుకుని నవ్వాడు. ఆమె ముఖం చూసి నవ్వు ఆపేశాడు. కాసేపటికే చొంగ కారుతూ గోడకు చేరగిలబడ్డాడు. ఇద్రిస్ పరుగెత్తి చంక కింద చెయ్యి వేస్తే విదిలించుకున్నాడు.

"మా అన్నని చంపింది వీడు కాదు," అన్నాడు ఆమెతో. "నన్ను చంపింది మాత్రం నువ్వే."

తుపాకీ ఎత్తడానికి రెండు చేతులూ కావలసివచ్చాయి. ఆమె మీద పేల్చాడు.