పదో గుంజ

"లాగన్నయ్యా! కొస లాగు!" అని అరిచింది చెల్లెలు.

లాగడానికి మేస్త్రీకి అక్కడ కొస లేదు.

సభలకు కంచె కట్టే ఆయన జట్టుకు ఒక పద్ధతి ఉంది. తొమ్మిది గుంజలకు పీటముడి, పదో గుంజకు జారుముడి. తొక్కిసలాట వస్తే బయట ఉన్నవాడు తాడు కొస పట్టి ఒక్క లాగు లాగితే చాలు, దారి తెరుచుకుంటుంది. ఇటుకబట్టీలో పనిచేసే చెల్లెలికీ ఆ సంగతి తెలుసు. అందుకే వెతుక్కుని మరీ పదో గుంజ దగ్గర నిలబడింది, పిచ్చితల్లి!

ఆ ఉదయమే కూలీల హక్కుల సంఘం కార్యదర్శి వచ్చాడు. హక్కులట! నాయకుడి సభలకు జనాన్ని తోలడం తప్ప ఆ సంఘం వెలగబెట్టిందేమీ లేదు.

"పోయినసారి సార్ మాట్లాడుతుంటే సగం మంది లేచిపోయారు. కెమెరాల ముందు పరువు పోయింది. ఈసారి సందు లేకుండా బిగించు."

"ఈ ఎండలో ఊపిరాడక చస్తారు సార్."

"చెప్పింది చెయ్యి. నీలాంటివాళ్లు వీధికి పదిమంది."

మేస్త్రీ నోరు మూసుకుని పదో గుంజకూ పీటముడి వేశాడు.

ఉపన్యాసం మధ్యలో సంఘంవాళ్లు నీళ్ల ప్యాకెట్లు విసిరారు. నాలుకలు పిడచకట్టుకుపోయిన జనం ఒక్కసారిగా కంచె మీద పడ్డారు. మేస్త్రీ గోళ్లు ఊడేలా ముడి పీకాడు, పళ్లతో కొరికాడు. తన చేతి పని గట్టిది, ఊడి రాలేదు. చెల్లెలి వేళ్లు కంచె సందులోంచి ఆయన చొక్కా పట్టుకున్నాయి. ఎప్పుడు వదిలాయో ఆయనకు తెలియదు. పదకొండు మంది పోయారు. స్టేజీ మీద చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

మూడో రోజు కార్యదర్శి ఇంటికొచ్చాడు. "ఎల్లుండి సంతాపసభ. కంచె నువ్వే కట్టాలి. తర్వాత మైకు పట్టుకుని, జనమే తోసుకున్నారని చెప్పు. లేదంటే ముడి ఎవరు వేశారో పోలీసులకు చెప్పాల్సొస్తుంది."

కాలేజీలో చదివే మేనకోడలు గుమ్మంలో నిలబడి అంతా విన్నది. అతను వెళ్లాక అడిగింది.

"ఆ ముడి నువ్వే వేశావా మామయ్యా?"

"నేనేనమ్మా."

"అయితే మా అమ్మను నువ్వే చంపావు."

ఆ తర్వాత ఆమె ఆయన్ని మామయ్య అని పిలవలేదు.

సాయంత్రం జట్టంతా ఆ ఇంట్లోనే కూర్చుని వాదులాడుకుంది. "మనం కట్టకపోతే ఇంకో జట్టు కడుతుంది. మన నోటి దగ్గర కూడు పోతుంది, అంతే," అన్నాడొకడు.

"కట్టండి," అంది మేనకోడలు. "ప్రతి గుంజకూ జారుముడే. కొసలు మాత్రం బయటికొద్దు, లోపలికి వదలండి. బయటున్నవాడి దయ మీద బతకడం ఇక చాలు."

ఆ మాటతో జట్టు తాళ్లు సర్దుకోవడానికి లేచింది. మర్నాడంతా బట్టీల్లో, కూలీల గదుల్లో, కాలేజీలో ఆమె తాడు ముక్క పట్టుకుని తిరిగింది. కొస ఎలా ఉంటుందో, ఎప్పుడు లాగాలో చూపించింది.

సంతాపసభలో చెల్లెలి ఫొటో ఆమె ఇంటి గోడంత పెద్దగా పెట్టారు. బతికుండగా కూర్చోమనే దిక్కు లేదు ఆమెకు! కార్యదర్శి కళ్లు తుడుచుకుని మైకు అందించాడు.

"ఎవరూ తోసుకోలేదు," అన్నాడు మేస్త్రీ. "బిగించింది నేను. బిగించమన్నది ఈయన. కొసలు మీ చేతుల్లో ఉన్నాయి."

మైకు ఆగిపోయింది. అయినా జనానికి అందాల్సింది అందింది. వందల చేతులు ఒక్కసారి లాగాయి. మైదానం చుట్టూ కట్టిన కంచె నేలకూలింది. ఒక్కరూ పారిపోలేదు. అందరూ స్టేజీ వైపే నడిచారు.

లాఠీలు విరిగేదాకా కొట్టారు పోలీసులు. మేస్త్రీని వ్యానులో పడేశారు. కార్యదర్శి కారులో ఇంటికి వెళ్లాడు.

తెల్లారేసరికి స్టేషన్ ముందు జనం. అడ్డంగా కంచె కట్టించడానికి ఇన్‌స్పెక్టర్ మేస్త్రీ జట్టునే పిలిపించాడు. వాళ్లు గుంజలు తెచ్చి దించారు, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"కట్టండిరా!"

ఒక్కడూ వంగలేదు. కానిస్టేబులొకడు తనే తాడు చుట్టాడు. చెయ్యి తియ్యగానే గుంజ వాడి కాలి మీదే పడింది.

లాకప్ కిటికీ ఊచలు పట్టుకున్న మేస్త్రీకి మేనకోడలి గొంతు వినబడింది.

"మా మామయ్య తప్పు చేశాడు. ఒప్పుకున్నాడు. శిక్ష వెయ్యండి, మేం అడ్డురాం. కానీ ఆ ముడి వెయ్యమన్నవాణ్ణి కూడా మామయ్య పక్కన నిలబెట్టండి. అప్పటిదాకా ఇక్కణ్ణుంచి కదలం."

మేస్త్రీ ఊచలకు తల ఆనించి భోరున ఏడ్చాడు. బయట జనం, నేల మీది గుంజలను దాటి, ముందుకొచ్చారు.