హిమాలయాలూ, ఒక మంచినీళ్ల బావీ

తాటిమిట్టపాళెంలో దూది ఏకి పరుపులు కుట్టే దరియావలికి హిమాలయాల్లో ఏ కనుమ ఎంత ఎత్తున ఉందో నోటికి వచ్చు. తన ఇంటికి మంచినీళ్లు ఎంత దూరం నుంచి వస్తాయో మాత్రం తెలియదు. నీళ్లు మోసేది భార్య నాగూర్‌బీ కాబట్టి ఆ దూరం ఆమె కాళ్లకే తెలుసు. ఈ మాట తర్వాతి రోజుల్లో దరియావలే నలుగురిలో చెప్పుకుని నవ్వేవాడు. అలా నవ్వగలగడానికి ఆయనకు చాలాకాలం పట్టింది.

ఊరు సముద్రానికి మైలున్నర దూరం. ఒక తుపానుకు సముద్రం పొంగిన దగ్గర్నుంచీ సాయిబుల వీధి బావిలో నీళ్లు ఉప్పదేలాయి. ఆ నీళ్లతో పప్పు ఉడకదు, గొంతు తడవదు. ఆడవాళ్లు పొద్దున్నే బిందెలెత్తుకుని ఊరికి ఆ చివరనున్న బావి దాకా పోయి తెచ్చుకోవాలి. యాభై తొమ్మిదిలో పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడు, బావి తెచ్చిపెట్టే మనిషిని మెంబరుగా పంపాలని వీధివాళ్లు అనుకున్నారు. ఎవరా అని చూస్తే రోజూ పేపరు చదివేవాడు దరియావలి ఒక్కడే కనపడ్డాడు. పేపరు చదివేవాడికి గవర్నమెంటు లోగుట్టు తెలిసే ఉంటుందని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకం దరియావలికి ఇంకా ఎక్కువగా ఉండేది. పోటీ లేకుండా ఎన్నికయ్యాడు.

పని చెయ్యలేదని అనడానికి లేదు. మూడేళ్లు కాలికి బలపం కట్టుకుని తిరిగి అర్జీలు పెట్టాడు. చివరికి అరవై రెండులో ఊరికి ఒక మంచినీళ్ల బావి ఇస్తున్నామని పంచాయతీ సమితి నుంచి కాగితం వచ్చింది. ఎక్కడ తవ్వాలో పంచాయతీ తీర్మానం చేసి పంపితే చాలు. సరిగ్గా అప్పుడే చైనావాళ్లు సరిహద్దు దాటారు.

అంతకుముందు పేపరు ఆయనకు అరగంట పని. నెల్లూరు నుంచి బస్సులో కోట ఊరికొచ్చి, అక్కడినుంచి సైకిలు మీద మధ్యాహ్నానికి కామాక్షయ్య కాఫీ హోటలుకు చేరేది. యుద్ధం వచ్చాక దాన్ని ముందు హోటల్లో పైకి చదివేవాడు. ఆ తర్వాత తనలో తాను చదువుకునేవాడు. అందరూ వెళ్లాక, ఇందాక తప్పు చదివానేమో, అంత ఘోరం జరిగి ఉండదేమో అని మళ్లీ మొదలుపెట్టేవాడు. మూడోసారి కూడా అంత ఘోరమే జరిగి ఉండేది. సాయంత్రం పంచాయతీ ఆఫీసు తలుపు తియ్యకముందే మెట్ల మీద కూర్చుని రేడియో కోసం కాచుకునేవాడు. అన్నం సహించేది కాదు. ఎవరైనా నవ్వితే కోపం వచ్చేది.

ఆ దుఃఖమంతా దూది మీద పడేది. మన సైన్యం వెనక్కి తగ్గిందని చదివిన రోజున ఆయన దూది ఏకే విల్లు మోగే మోత మూడు వీధులకు వినపడేది. ఆ రోజు ఏకిన దూదితో కుట్టిన పరుపు జానెడు ఎక్కువ పొంగేది. కామాక్షయ్య వ్యాపారం తెలిసినవాడు. ఇంట్లో పాత పరుపు విప్పి పెట్టుకుని, పేపరు చదవడం అయిందాకా ఆగి, వార్తలు బాగాలేవని రూఢి చేసుకున్నాకే దూది మూట తెచ్చి దరియావలి ముందు పెట్టాడు. ఈ సంగతి ఊరంతటికీ తెలుసు. దరియావలికే తెలియదు.

నాగూర్‌బీ కొన్నాళ్లు చూసి, ఒకరోజు కంచం ముందు కూర్చోబెట్టి అడిగింది.

"ఈడ నువ్వు తిండి మానుకుంటే ఆడ కొండల మీదుండే సిపాయికి కడుపు నిండుద్దా?"

దేశం సంగతి పట్టించుకోనివాడు మనిషే కాదని దరియావలి ఆమెకు చాలాసేపు చెప్పాడు. ఆమె కాదనలేదు. సోమవారం మీటింగు ఉంది, బావి సంగతి మర్చిపోవద్దు అని మాత్రం అంది. మూడేళ్లు తిరిగి తెచ్చినవాడికి ఒకరు గుర్తు చెయ్యాలా అని ఆయన చిన్నబుచ్చుకున్నాడు.

సోమవారం మీటింగులో రెండే అంశాలు. మొదటిది చైనా దురాక్రమణను ఖండించడం. ఆ తీర్మానం రాసింది దరియావలే. రాయడానికి నాలుగు రోజులు పట్టింది. ఒక్క అంగుళం నేల కూడా వదలరాదని తాటిమిట్టపాళెం పంచాయతీ ఏకగ్రీవంగా కోరుతోందని చదివి, దాని మీద ముప్పావుగంట మాట్లాడాడు. కనుమల పేర్లు, ఎత్తులు, ఒకదాన్నుంచి ఇంకొకదానికి మైళ్లు అన్నీ చెప్పాడు. సర్పంచి వెంకయ్య చప్పట్లు కొట్టాడు. మెంబర్లందరూ కొట్టారు. దరియావలి కళ్లు తుడుచుకుని కూర్చున్నాడు.

రెండో అంశాన్ని గుమాస్తా దావీదు చదివాడు. అప్పుడు దరియావలి 'ఏకగ్రీవంగా' అన్న మాటకు ముందు 'ముక్తకంఠంతో' అని కూడా పెట్టి ఉంటే బాగుండేదేమోనని ఆలోచిస్తున్నాడు. ఒక చెవి గోడ వారనున్న రేడియో మీద ఉంది. సరిహద్దులోని బొమ్‌డిలా సంగతి ఇంకా తేలలేదు. అందరూ చేతులెత్తడం కనపడి తనూ ఎత్తాడు. దావీదు రెండు కాగితాలు ముందు పెట్టాడు. ఒకటి కలెక్టరుకు, ఇంకొకటి ఢిల్లీకి కాబోలు అనుకుని దరియావలి మొదటి దాని మీద మామూలుగా సంతకం పెట్టి, రెండో దాని మీద ఇంటిపేరుతో సహా గుండ్రంగా పెట్టాడు.

అంత గుండ్రంగా ఆయన సంతకం పెట్టింది, బావిని సాయిబుల వీధిలో కాక పెద్దవీధి చివర తవ్వడానికి.

నాలుగో రోజున యుద్ధం ఆగింది. పేపరు అందుకున్న సంతోషంలో దరియావలి పరుగున ఇంటికొచ్చాడు. నాగూర్‌బీ వాకిట్లో కూర్చుని ఉంది. పక్కన సర్దార్‌బీ ఉంది. వీధిలో అందరికన్నా పెద్దది, డెబ్బై ఏళ్ల వయసులో కూడా తన నీళ్లు తనే మోసుకునే మనిషి. పెద్దవీధి చివర ముగ్గు పోసి మేకులు కొట్టారని, అక్కడ బావి తవ్వుతారని ఆమె చూసొచ్చి చెప్పింది. దరియావలి నమ్మలేదు. వెళ్లి దావీదును నిలదీశాడు. దావీదు కాగితం తీసి చూపించాడు. ఎవరూ దాచలేదు. ఎవరూ మోసం చెయ్యలేదు. అందరికీ వినపడేట్టు చదివారు, అందరూ చేతులెత్తారు. తిట్టుకోవడానికి ఒక్క దొంగ కూడా దొరకకపోవడంతో దరియావలి తనని తానే తిట్టుకోవాల్సి వచ్చింది.

వీధిలో ఎవరూ ఆయన్ను ఒక్క మాట అనలేదు. అది మరీ కష్టంగా ఉండింది. ఆడవాళ్లు బిందెలతో వాకిటి ముందునుంచి పోతుంటే ఆయన దూది మూటల వెనక్కి జరిగి కూర్చునేవాడు. నాగూర్‌బీ వచ్చి బిందె దించిన చప్పుడైతే తల ఎత్తేవాడు కాదు. ఇక పేపరు ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. కామాక్షయ్య హోటలు వైపు నడవడం కూడా మానేశాడు.

ఏడాది ఆ ఒట్టు నిలబెట్టుకున్నాడు. మనసుకు హాయిగానే ఉంది. ఢిల్లీలో ఏం జరిగినా, అమెరికాలో ఎవరిని కాల్చినా ఆయన దూది ఆయన ఏకుకున్నాడు. అరవై మూడు ఆఖర్లో కామాక్షయ్య పేపరు పట్టుకుని తనే వచ్చాడు. ఉప్పునీటి గ్రామాలకు అదనంగా బావులిస్తారట, అర్జీలు తీసుకోవడం మొదలుపెట్టి మూడు వారాలైంది, ఇక నాలుగు రోజులే గడువు, జిల్లా వార్తల్లో రెండుసార్లు పడింది, వీధి మెంబరువి కదా, చూసే ఉంటావని ఊరుకున్నాను అన్నాడు. దరియావలికి తల తిరిగింది. పేపరు చదివి ఒక బావి పోగొట్టాడు. ఇప్పుడు చదవక ఇంకొకటి పోగొట్టబోయాడు. ఎటు చూసినా తనంత పనిమంతుడు జిల్లాలో లేడని ఆయనకు తెలిసొచ్చింది.

ఆ రాత్రి అర్జీ రాస్తుంటే నాగూర్‌బీ దీపం దగ్గరికి జరిపింది.

"చదవొద్దని నేనెప్పుడు చెప్పినాను? మన చేతనయ్యే వార్త ముందు చదువు. మన చేత కానిది తర్వాత చదువు. ఒక్కసారే చదువు."

అప్పటినుంచీ దరియావలి పేపరు వెనకనుంచి చదవడం మొదలుపెట్టాడు. ముందు జిల్లా వార్తలు, తర్వాత రాష్ట్రం, తర్వాత దేశం. ప్రపంచం దాకా వచ్చేసరికి కాఫీ అయిపోయేది, లేచిపోయేవాడు. ఈ వింత చదువు చూసి హోటల్లో నవ్వారు. పంచాయతీలో కొత్త తీర్మానం కావాల్సి వచ్చినప్పుడు ఇంకా గట్టిగా నవ్వారు. పాత తీర్మానం మీద సంతకం ఎందుకు పెట్టావని వెంకయ్య అడిగితే, దరియావలి నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

"చైనా మీద కన్నేసి, చేతి కింద ఏముందో చూసుకోలేదన్నా."

మెంబర్లు కడుపు పట్టుకుని నవ్వారు. ఆయన కూడా నవ్వాడు గానీ చెవులు వేడెక్కాయి. తీర్మానం మాత్రం నెగ్గింది. దావీదు చదివింది చాలక, దరియావలి కాగితం తీసుకుని వేలుపెట్టి మూడుసార్లు చదివి మరీ సంతకం పెట్టాడు.

మళ్లీ సమితి ఆఫీసుకు తిరుగుళ్లు మొదలయ్యాయి. పోను ఎనిమిది మైళ్లు, రాను ఎనిమిది మైళ్లు, అద్దె సైకిలు. మే నెల ఆఖరి వారానికి కాగితం ఆఫీసరు బల్ల మీదికి చేరింది. ఆఫీసరుకు బదిలీ అయిందని, శనివారం దిగిపోతాడని, కొత్తాయన వస్తే అన్నీ మొదట్నుంచీ చూస్తాడని గుమాస్తాలు చెప్పారు. బుధవారం పొద్దున్నే దరియావలి వెళ్లి ఆఫీసు బెంచీ మీద కూర్చున్నాడు. ఉత్తర్వు టైపు అయింది. సంతకం ఒక్కటే తరువాయి. భోజనం చేసొచ్చి పెడతానన్నాడు ఆఫీసరు.

మధ్యాహ్నం రెండు దాటాక పక్కగదిలో రేడియో పెట్టినవాడు పెద్దగా ఏడుస్తూ బయటికొచ్చాడు. నెహ్రూ పోయాడు.

గుమాస్తాలు లేచి నిలబడ్డారు. ఒకాయన కుర్చీలో కూలబడి మొహం కప్పుకున్నాడు. దరియావలి ఆ మనిషిని కంటితో చూసింది లేదు, పేపర్లో బొమ్మ చూడడమే. అయినా సొంత అన్న పోయినట్టు గుండె జారింది. బెంచీ మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇక ఎవరు చూస్తారు, ఏమవుతుంది అని పాత భయాలన్నీ ఒక్కసారి మీదికొచ్చాయి. ఇంతలో బంట్రోతు కిటికీలు మూయడం మొదలుపెట్టాడు.

మూసే కిటికీల చప్పుడుకు దరియావలి తేరుకున్నాడు. ఇవాళ మూస్తే మళ్లీ ఎప్పుడు తెరుస్తారో తెలియదు. లేచాడు. దేశమంతా ఏడుస్తున్న గడియలో బావి కోసం పోతున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. కాళ్లు మాత్రం ఆగలేదు. ఆఫీసరు గదిలో ఎర్రబడ్డ కళ్లతో ఒక్కడే నిలబడి ఉన్నాడు.

"ఇప్పుడా?" అన్నాడు ఆఫీసరు.

"ఇప్పుడేనయ్యా. ఒకసారి ఏడుస్తా కూర్చొని ఒక బావి పోగొట్టినాను. వీధి ఆడోళ్లకి మళ్లీ మొహం చూపించలేను."

ఆఫీసరు కూర్చుని కలం తీశాడు. దరియావలి చెయ్యి చాపి ఆపాడు. వీధి పేరు సరిగ్గా పడిందో లేదో ముందు చూసుకోవాలి. కళ్లల్లో నీళ్లకు అక్షరాలు అలుక్కుపోతుంటే చొక్కాతో తుడుచుకుంటూ మొదటినుంచీ చివరిదాకా చదివాడు. సాయిబుల వీధి అనే ఉంది. అప్పుడు ఆఫీసరు సంతకం పెట్టాడు.

ఎనిమిది మైళ్లూ ఏడుస్తూనే తొక్కాడు. ఊళ్లోకి వచ్చేసరికి నాలుగున్నర అయింది. పంచాయతీ రేడియో ఆరింటికి గానీ పెట్టరు. ఊళ్లో ఎవరికీ ఏమీ తెలియదు. వీధి మొగలో నాగూర్‌బీ, సర్దార్‌బీ, ఇంకో నలుగురు ఖాళీ బిందెలతో సాయంత్రం నీళ్లకు బయల్దేరుతూ కనపడ్డారు. దరియావలి దగ్గర రెండు వార్తలున్నాయి. పూర్వపు దరియావలి అయితే సైకిలు దిగకముందే ఢిల్లీ వార్త చెప్పి ఉండేవాడు.

"బావి మంజూరైంది. మన వీధిలోనే" అన్నాడు.

సర్దార్‌బీ బిందె కింద పెట్టి ఆయన బుగ్గలు రెండు చేతులతో పట్టుకుంది. ఆడవాళ్లు ఒకరినొకరు కేకేసుకున్నారు. ఎక్కడ తవ్వాలి, ఎవరింటి ముందు అని అప్పుడే వాదన మొదలైంది. దరియావలి అరుగు మీద కూర్చుని వాళ్లను చూస్తున్నాడు. నాగూర్‌బీ వచ్చి ఎదురుగా నిలబడింది.

"బావి తెచ్చినోడి మొహం కాదే ఇది. ఏం జరిగింది?"

ఎండ అని చెప్పబోయి మానుకున్నాడు. ఢిల్లీ వార్త మెల్లగా చెప్పాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నీకెప్పుడు తెలిసింది?"

"రెండింటప్పుడు."

"ఆడ్నించి ఒక్కడివే మోసుకొచ్చినావా?"

దరియావలికి మళ్లీ ఏడుపు ముంచుకొచ్చింది. వీధిలో సర్దార్‌బీ ఏదో అంటే అందరూ నవ్వుతున్నారు. నాగూర్‌బీ వాళ్ల వైపు ఒకసారి చూసి, ఆయన పక్కన అరుగు మీద కూర్చుంది.

"ఆరింటికి ఎటూ తెలుస్తది. అందాక నవ్వుకోనీ" అంది.