పులిహోర సంచీ వెనకాల

కేశవరావు ఇంతవరకూ ఏ కొండనూ చివరిదాకా ఎక్కిన పాపాన పోలేదు. అయినా బ్లాక్‌టౌన్‌లో తెలిసినవాళ్ళందరి లెక్కలో ఆయన పెద్ద హైకింగ్ మనిషి. ఆయన బూట్లకి విడిగా ఒక అల్మరా ఉంది, రెండు చేతికర్రలున్నాయి, మెడలో వేసుకునే విజిల్ కూడా ఉంది. లాంగ్ వీకెండ్ వచ్చిందంటే ఏదో ఒక కొండకి బయల్దేరతాడు. సగం ఎక్కాక బెంచీ కనబడగానే కూలబడి, పులిహోర తిని, దిగి వచ్చేస్తాడు. సెలవలయ్యాక ఎవరైనా "పైదాకా వెళ్ళారా అండీ?" అని అడిగితే ఒకటే జవాబు.

"మా ఆవిడ మోకాళ్ళండీ. పాపం, ఎక్కలేదు."

కాత్యాయని మోకాళ్ళు నిక్షేపంలా ఉన్నాయి. ఏజ్డ్ కేర్ హోమ్‌లో నర్సుగా వారానికి ఐదు రోజులు కారిడార్ల వెంట తిరిగే మోకాళ్ళవి. మొదటిసారి ఆయన ఆ మాట అన్నప్పుడు, పదిమందిలో మొగుణ్ణి ఏమంటాంలే అని ఊరుకుంది. రెండోసారీ ఊరుకుంది. కిందటి నెల హెలెన్స్‌బర్గ్ గుడిలో, ప్రసాదం వరసలో, ముక్కూమొహం తెలియని ఒకావిడ దగ్గరికొచ్చి "మీరేనా మోకాళ్ళ కాత్యాయనిగారు? మా అత్తగారు రాసుకునే నూనె ఉంది, పంపించనా?" అంది. కాత్యాయనికి ఒళ్ళు మండిపోయింది. ఈసారి ఏ కొండకెళ్ళినా సరే, శిఖరం మీద నిలబడి తీరాలని కారెక్కేలోపే ఒట్టు పెట్టుకుంది.

ఆ ఈసారి వచ్చిన కొండ వారంబంగిల్ నేషనల్ పార్కు. కోటిన్నర ఏళ్ళ నాటి అగ్నిపర్వతం, చల్లారి చాలాకాలమైంది. లోపలి లావా గట్టిపడి రాళ్ళుగా మిగిలింది. అందులో ఒకటి పల్చటి గోడలా తొంభై మీటర్ల ఎత్తున నిలబడి ఉంటుంది, దాన్ని బ్రెడ్‌నైఫ్ అంటారు. దాని పక్కనుంచే శిఖరానికి దారి.

కారులో మొత్తం నలుగురు. మొగుడూ పెళ్ళాలు, పదహారేళ్ళ కూతురు ఉదయశ్రీ, కేశవరావు స్నేహితుడు సత్యనారాయణ. ఈ సత్యనారాయణకి కొండలంటే బొత్తిగా ఆసక్తి లేదు. ఆయన వచ్చింది కాత్యాయని పులిహోర కోసం, సాయంత్రం పిలిగాలో వేడినీళ్ళ కోసం. అక్కడ భూమి లోతుల్లోంచి బోరు గుండా వేడినీళ్ళు వాటంతటవే పైకొస్తాయి. కొలనులో మెడదాకా మునిగి కూర్చోవడమే పని. అలాంటి పనులు సత్యనారాయణకి బాగా వచ్చు.

పొద్దున్నే నడక మొదలుపెట్టారు. కేశవరావు దారిపొడుగునా అగ్నిపర్వతాల మీద ఉపన్యాసం ఇచ్చాడు. పదకొండింటికి, మెట్లు నిటారుగా మొదలయ్యే చోట, బెంచీ కనబడింది. ఉపన్యాసం ఆగింది.

"ఇంక చాల్లే. వ్యూ ఇక్కణ్ణుంచే అదిరిపోయింది," అన్నాడు కూలబడుతూ. "పైన మాత్రం ఏముంటాయి, ఇవే రాళ్ళు. ఆరింటికల్లా పిలిగా చేరాలి కదా. అసలే నీ మోకాళ్ళు..."

"అవునండీ," అంది కాత్యాయని ఎంతో వినయంగా. "కానీ ఇక్కడ ఎండ మాడ్చేస్తోంది. ఆ మలుపు తిరిగితే నీడ ఉన్నట్టుంది. అక్కడ వడ్డిస్తా, వచ్చేయండి."

భోజనాల సంచీ భుజాన వేసుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్ళిపోయింది.

మగవాళ్ళిద్దరూ తీరిగ్గా మలుపు తిరిగేసరికి అక్కడ నీడ ఉంది, మనిషి లేదు. ఉదయశ్రీ మెట్లు దిగి వచ్చింది.

"ఇక్కడ యాంట్స్ ఉన్నాయంట. మమ్ సేస్ జస్ట్ అరౌండ్ ద నెక్స్ట్ కార్నర్."

తర్వాతి మలుపులో గాలి ఎక్కువైంది. ఆ పై మలుపులో మేకపిల్లల్లాంటి పిల్లల గుంపొకటి బెంచీ ఆక్రమించింది. ప్రతిసారీ ఉదయశ్రీ నవ్వాపుకుంటూ వచ్చి కబురు చెప్పి, మళ్ళీ పరిగెత్తింది.

"ఎంతదూరం లాక్కెళ్తుందిరా ఈవిడ?" కేశవరావు ఇనప మెట్ల ముందు ఆగిపోయాడు. "సత్యం, మనం దిగిపోదాం. కారులో చిప్స్ ఉన్నాయి."

ఆ మాట పైన కాత్యాయని చెవిన పడింది. ఆవిడ నిదానంగా క్యారియరు మూత తీసింది. ఇంగువ పోపు వాసన కిందికి దిగింది.

"చెల్లెమ్మా!" సత్యనారాయణ గొంతు ఖంగుమంది. "ఆవకాయ కూడా తెచ్చావా?"

"తెచ్చానన్నయ్యా! పెరుగన్నం కూడా!"

"చిప్స్ నువ్వు తిను," అని కేశవరావుకి చెప్పి, సత్యనారాయణ రెండేసి మెట్ల చొప్పున ఎక్కేశాడు. నలభై తొమ్మిదేళ్ళ జీవితంలో ఆయన అంత వేగంగా దేనివెనకా వెళ్ళలేదు.

శిఖరం మీద కాత్యాయని నిలబడింది. బ్రెడ్‌నైఫ్ తన కాళ్ళ కింద ఉంది. చుట్టూ ఎటు చూసినా అడవి, దాని చివర నీలంగా మైదానం. ఆవిడ కళ్ళు చెమర్చాయి, శుద్ధ సంతోషంతోనే. మొగుడు రాగానే అడగడానికి నెల రోజులుగా ఒక ప్రశ్న సానపెట్టి ఉంచుకుంది. ఎవరి మోకాళ్ళండీ, అని.

కాసేపటికి, కింద ఒంటరిగా ఉండలేక, కేశవరావూ వచ్చాడు. నడిచి కాదు, పాకుతూ వచ్చాడు. రాతిని రెండు చేతులా పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"ఏమైందండీ? కళ్ళు తెరవండి."

"తెరవను." గొంతు పీలగా వచ్చింది. "భయమే కాత్యాయనీ. చిన్నప్పట్నుంచీ అంతే. డాబా మీద పిట్టగోడ దగ్గరికి కూడా వెళ్ళేవాణ్ణి కాదు."

"మరి ఈ హైకింగులేంటండీ?"

"ఆఫీసులో అందరూ వెళ్తారు కదా. నేనొక్కణ్ణే భయమంటే ఏం బాగుంటుంది?"

ఇరవై ఏళ్ళ కాపురంలో ఈ సంగతి ఆవిడకి తెలియదు. నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది, వాటి వెనకే జాలి కూడా వచ్చింది. సానపెట్టిన ప్రశ్న అడగలేకపోయింది. కళ్ళు మూసుకున్న మనిషి చేతిలో పులిహోర ముద్ద పెట్టింది. ఆయన తిన్నాడు. భయానికీ ఆకలికీ పొత్తు లేదు కాబోలు, రెండోసారి కూడా చెయ్యి చాపాడు. దిగేటప్పుడు ఒక్కొక్క మెట్టూ చెబుతూ, చెయ్యి వదలకుండా దింపుకొచ్చింది.

సాయంత్రం పిలిగాలో నలుగురూ వేడినీళ్ళలో కూర్చున్నారు. ఎదుటి గట్టున ఉన్న పెద్దాయన తెలుగు మాటలు విని మొహం విప్పార్చుకున్నాడు.

"క్లేటన్ నుంచి వచ్చామండీ. ఈవిడ మా ఆవిడ, సీతాదేవి. మేము బ్రెడ్‌నైఫ్ దారిలో సగంలోనే వెనక్కొచ్చేశాం. ఈవిడ నడుం, పాపం! మీరు పైదాకా వెళ్ళారా?"

సత్యనారాయణ పైన ఆకాశం వైపు చూశాడు. ఉదయశ్రీ తండ్రి వైపు చూసింది. కాత్యాయని మెడదాకా మునిగి, కళ్ళు మూసుకుంది. సాయం చెయ్యదలుచుకోలేదు.

"మా ఆవిడ ఎక్కిందండీ," అన్నాడు కేశవరావు. "ఆవిడ మోకాళ్ళకేం లేదు. భయం నాకు. ఎత్తంటే కళ్ళు తిరుగుతాయి. ఇన్నాళ్ళూ ఆవిడ మీద పెట్టి అబద్ధం చెప్పాను."

కాత్యాయని కళ్ళు తెరిచింది. నీళ్ళ అడుగున ఆయన చెయ్యి వెతికి పట్టుకుంది.

సీతాదేవి, నీళ్ళు కదలనంత మెల్లగా, మొగుడి వైపు తిరిగింది.

"వింటున్నారా?" అంది. "ఇప్పుడు నా నడుం సంగతి మీరు చెప్పండి."