దీవికి ఒక్క చుక్క

వృక్షశాస్త్రం చెప్పే తొరున్‌కి ఆ దీవి మీద బెంగ. రేవు దాటితే అక్కడ యూనివర్సిటీ వాళ్ళ చెక్క ఇల్లొకటి ఉంది. వసంతం రాగానే విద్యార్థుల్ని వెంటేసుకుని వెళ్ళి నాచు చూపించేది. తడినేల మీద మోకరిల్లి, భూతద్దంలోంచి తొలిసారి నాచును చూసినప్పుడు ఆ పిల్లల మొహాలు! కప్పు కారుతోందని ఆ ఇంటికి తాళం వేశారు. ముందు ఏ పనులు చెయ్యాలో ఇవాళ్టి అధ్యాపకుల సభలో తేలుతుంది. ఆ జాబితాలో దీవి లేకపోతే ఇల్లు అమ్మేస్తారు.

పద్ధతి సులువే. ఎవరి కోరిక వాళ్ళు మౌనంగా రాసి, వరుసగా చదివి, గోడకి అంటించాలి. తర్వాత తలా కాసిని ఎర్రచుక్కలిస్తారు. నచ్చిన కాగితం మీద అతికించాలి. ఎక్కువ చుక్కలున్నవే నిలుస్తాయి.

కానీ ఇక్కడ మర్యాద అని ఒకటి ఏడ్చిందే! తన కాగితం మీద తనే చుక్క పెట్టుకోవడం సిగ్గుమాలిన పని. రూలేమీ లేదు, ఉగ్గుపాలతో వచ్చిన బుద్ధి.

"దీవి ఇల్లు తెరవాలి" అని తొరున్ చదవగానే గది కళకళలాడింది.

"అబ్బ, మా ఆయన నాకు దొరికింది అక్కడేనే!" అంది రసాయనశాస్త్రం ఓడ్‌వైగ్.

"దానికి చుక్కలు కుప్పలు పడతాయి చూడు," అన్నాడు కంప్యూటర్ల హోవార్డ్.

పొంగిపోయిన తొరున్, పాపం ఎవరూ వెయ్యలేదని, తన చుక్కలన్నీ హోవార్డ్ కాగితం మీదే పెట్టింది.

అందరూ కూర్చున్నాక చూస్తే దీవి కాగితం తెల్లగా ఉంది. ఒక్కటంటే ఒక్క చుక్క లేదు. అందరూ పాలు పోస్తారులే అని తలా ఓ చెంబు నీళ్ళు పోసిన కథే.

"ఫొటో తీసి రెక్టార్ గారికి పంపేస్తాను. ఆ తర్వాత మార్పుల్లేవు," అంది సభ నడపడానికి ఓస్లో నుంచి వచ్చినావిడ. "ఎవరైనా చుక్క మార్చుకుంటారా?"

అందరి కళ్ళూ తొరున్ మీదే. ఎదుటివాడి కాగితం మీంచి వాడి కళ్ళముందే చుక్క పీకడం ఎవరు మొదలుపెడతారు? లేవవే, లే అని ఆమె మనసు కొట్టుకుంది. అటు హోవార్డ్ కృతజ్ఞతగా నవ్వుతున్నాడు.

"వద్దులెండి, ఇలాగే బాగుంది," అంది ఆమె నోరు.

గది ఊపిరి పీల్చుకుంది. ఆవిడ ఫొటో తీసేసింది.

కాఫీ దగ్గర ఓడ్‌వైగ్ గుసగుసలాడింది. "నువ్వు లేస్తావేమోనని చూస్తూ కూర్చున్నానే. నువ్వొక్కటి పెడితే నావన్నీ పీకి నీకే పెట్టేదాన్ని."

"నేనూ అంతే," అన్నాడు వెనకనుంచి హోవార్డ్.

"మరి నోరు విప్పలేదేం?"

"నువ్వు అడగలేదుగా!"

తొరున్ కిటికీ దగ్గరికి వెళ్ళింది. నీళ్ళకి అవతల దీవి పచ్చగా కనిపిస్తోంది.

"నాకది కావాలి," అంది, గదంతా వినబడేలా. "నాకు చాలా కావాలి."

గోడ మీది కాగితాలు చుట్టుకుని ఆ ఓస్లో ఆవిడ అప్పటికే వెళ్ళిపోయింది.