మరియకుమారి చదివి తెచ్చుకున్న డిగ్రీ

నేను ఒక ట్యాబ్‌ని. పలకంత వెడల్పు, దాదాపు ఇటుకంత బరువు. ఇప్పటి సన్నపాటి ట్యాబ్‌లు నన్ను చూస్తే నవ్వుకుంటాయేమో. నవ్వుకోనివ్వండి. నా కోపం వాటి మీద కాదు, మనుషుల మీద.

ఫ్యాక్టరీలో ఒకే రోజు పుట్టిన ముప్పై ట్యాబ్‌లం పెట్టెల్లోకి ఎక్కి రేపల్లెలోని ఒక ప్రైవేటు స్కూలుకు చేరాం. గేటు మీద 'డిజిటల్ క్లాస్‌రూమ్' అని బోర్డు కట్టారు. మాతో ఫొటోలు దిగారు. ఆ సాయంత్రమే బీరువాలో పెట్టి తాళం వేశారు. పిల్లలు పగలగొడతారట! పిల్లల కోసం తెచ్చినవాటిని పిల్లలే ముట్టుకోకూడదు. రెండేళ్లు కలరా ఉండల వాసన పీలుస్తూ పడున్నాను.

ఒక పొద్దున హడావుడిగా తాళం తీశారు. విద్యాశాఖ నుంచి తనిఖీకి వస్తున్నారట. మమ్మల్ని తుడిచి, ఛార్జింగ్ ఎక్కించి పిల్లల ఒళ్లో పెట్టారు. నేను ఎల్కేజీ గదిలో పడ్డాను. మరియకుమారిని మొదటిసారి చూసింది అక్కడే.

ఆమె అప్పటికి తొమ్మిదేళ్లుగా ఆ క్లాసుకు పాఠాలు చెబుతోంది. ఇంటర్ పాసయ్యాక పెళ్లయి చదువు ఆగిపోయింది. స్కూలు యజమాని గోవర్ధనరావు ఆమెను టీచర్ పని చేయించుకుంటూ ఆయా జీతం మీద ఉంచాడు. ఆ పొద్దున తలుపు దగ్గర నిలబడి మెల్లగా చెప్పాడు.

"మరియా, కాసేపు ఆ ఆయాల చీర కట్టుకుని నీళ్ల ట్యాంకు దగ్గర ఉండమ్మా. నీకు డిగ్రీ లేదు కదా, వాళ్లు అడిగితే ఇబ్బంది."

ఆమె చీర మార్చుకుని చీపురు పట్టుకుని వెళ్లి నిలబడింది. ఆమె స్థానంలో గోవర్ధనరావు కోడలు వచ్చి కుర్చీలో కూర్చుంది. పాపం, ఆవిడకు ఒక్క పిల్ల పేరూ తెలీదు. తనిఖీ అధికారి లోపలికి వచ్చేసరికి జాహ్నవి అనే నాలుగేళ్ల పిల్ల నన్ను ఒళ్లోంచి తోసేసి బయటికి పరిగెత్తింది. ట్యాంకు దగ్గరికి పోయి మరియకుమారి కొంగు పట్టుకుని "టీచర్, లోపలికి రా" అని ఏడుపు.

"ఎవరావిడ?" అన్నాడు అధికారి.

"ఆయా అండి. పిల్లలకి బాగా అలవాటు" అన్నాడు గోవర్ధనరావు.

నేల మీద బోర్లా పడి ఉన్నా ఆ మాట నాకు స్పష్టంగా వినిపించింది. నాకు నోరు లేకపోయింది.

తనిఖీ అయ్యాక మా అవసరం తీరింది. గోవర్ధనరావు నన్ను మరియకుమారి చేతిలో పెట్టి, "బహుమానం అనుకో. ఇంట్లో తీరిగ్గా పిల్లల ఫొటోలు సర్ది తల్లిదండ్రుల గ్రూపులో పెడుతుండు" అన్నాడు. ఇంటికి కూడా పని పంపించడాన్ని బహుమానం అంటారని నాకు ఆ రోజే తెలిసింది.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆమె నన్ను తెరిచి మొదట వెతికింది డిగ్రీ కోసమే. అంతే, నా మొహం నిండా ప్రకటనలు. మూడు నెలల్లో డిగ్రీ! చదవనక్కర్లేదు! నా అద్దం మీద అలాంటివి మెరవడం నాకే సిగ్గనిపించింది. వాటిలో ఒక నంబరు పట్టుకుని ఆమె, ఆమె భర్త ఇజ్రాయేలు కలిసి తెనాలి వెళ్లారు. అతను ఇళ్లకు రంగులు వేస్తాడు. నేను ఆమె సంచిలో ఉన్నాను.

ఏజెంటు టై కట్టుకున్నాడు. టీ తెప్పించాడు.

"పరీక్షలు ఎవరు రాస్తారండీ?" అంది మరియకుమారి.

"అదంతా మేం చూసుకుంటాం మేడం. మీరు సర్టిఫికెట్ తీసుకోవడమే."

ఆమె టీ గ్లాసు కింద పెట్టింది. "తొమ్మిదేళ్లుగా చదువు చెబుతూ, చెప్పట్లేదని అబద్ధమాడాను. ఇప్పుడు చదవకుండానే చదివానని ఇంకో అబద్ధమాడమంటారా?"

బస్సులో ఇజ్రాయేలు గొణిగాడు, "మంచి అవకాశం పోయింది."

"వాడిచ్చేది కాగితం. నాకు కావాల్సింది చదువు" అంది.

ఆ తర్వాత ఆమె చేసిన పని చూస్తే, లక్షలు పోసి పిల్లల్ని కాలేజీల్లో చేర్చేవాళ్లు కూడా ఇంత ఆలోచించరేమో అనిపించింది. ఆన్‌లైన్ డిగ్రీకి అనుమతి ఉన్న యూనివర్సిటీల జాబితా యూజీసీ వెబ్‌సైట్లో వెతికి తీసింది. ఏజెంటు చెప్పిన పేరు అందులో లేనే లేదు. ఉన్నవాటిలో ఫీజు ఏడాదికి ఒకేసారి కాకుండా సెమిస్టర్‌కింతని కట్టనిచ్చేవి ఏరింది. వాటిలోనూ పాఠాలు వీలున్నప్పుడు వినొచ్చు, పరీక్ష గుంటూరులో రాయొచ్చు, మూడేళ్లలో పూర్తికాకపోతే ఆరేళ్ల దాకా గడువిస్తాం అన్నది ఒక్కటే తేలింది. ఫోన్ చేసింది.

"ఒక సెమిస్టర్లో రెండు పేపర్లు మిగిలితే తర్వాత రాసుకోవచ్చాండీ?"

"రాసుకోవచ్చు."

"ఫ్రీగా దొరికే కోర్సులు పాసైతే క్రెడిట్లు కలుస్తాయా?"

"కొన్నింటికే కలుస్తాయమ్మా. చేరేముందు మమ్మల్ని అడగండి."

అన్నీ పాత క్యాలెండర్ వెనక రాసుకుంది. మార్చిలో స్కూలు పరీక్షలు, ఒక్క పేపరే. మేలో సెలవులు, మూడు పేపర్లు. అలా లెక్కేస్తే నాలుగేళ్లు పట్టేలా ఉంది. ఆ కాగితాన్ని చూసి ఇజ్రాయేలు గోడకు మేకు కొట్టి తగిలించాడు.

నన్ను రోజూ స్కూలుకు తెచ్చుకునేది; మధ్యాహ్నం పిల్లలు నిద్రపోయే ముప్పావు గంటా ఆమె చదువుకునే క్లాసు. ఒక చెవిలో నేను చరిత్ర చెబుతుంటే ఆమె చెయ్యి ఏడ్చే పిల్లను జోకొట్టేది. మొదటిసారి ఇంగ్లీషు పేపరు తప్పింది. రెండు రోజులు నన్ను ముట్టుకోలేదు. మూడో రోజు క్యాలెండర్ మీద ఆ పేపర్ని మేలోకి జరిపింది.

మూడో ఏడు నడుస్తుండగా మళ్లీ తనిఖీ వచ్చింది. మళ్లీ ఆ చీరే. గోవర్ధనరావు దాన్ని ఆమె ముందుకు చాపాడు. ఆమె తీసుకోలేదు.

"నేను నా క్లాసులోనే ఉంటానండీ."

ఈసారి వచ్చిన అధికారి ఒక పెద్దావిడ. "మీరెవరమ్మా?" అంది.

"ఎల్కేజీ టీచర్నండీ. పన్నెండేళ్లుగా. ఇంటర్ చదివాను. డిగ్రీ మూడో ఏడు."

"ఆయా అండీ, ఏదో సరదాగా అంటోంది" అని గోవర్ధనరావు నవ్వాడు.

ఆవిడ నవ్వలేదు. పలకల మీద పిల్లలు రాసిన అక్షరాలు ఒక్కొక్కటీ చూసింది. పన్నెండేళ్లు టీచర్ పని చేయించుకుని ఆయా జీతమిచ్చారని రిపోర్టులో రాసింది. తప్పు స్కూలుదని తేలింది. శిక్ష మాత్రం మర్నాడు మరియకుమారికి పడింది.

"రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నాడు గోవర్ధనరావు. "అన్నం పెట్టిన చోట ఇదా చేసేది?"

ఎవరు ఎవరికి అన్నం పెట్టారు? ఆ పిల్లల ఫీజుతో లేచిన మేడ ఎవరిది? నా బ్యాటరీ కాగిపోయింది ఆ రోజు. వేడికి కాదు.

ఇంటి వసారాలో ట్యూషన్ మొదలుపెట్టింది. మొదటి నెల నలుగురు పిల్లలు. సెమిస్టర్ ఫీజుకు చాలలేదు. ఆ సెమిస్టర్ ఆపేసింది. గడువు ఉంది కాబట్టి ఆపగలిగింది; ముందే చూసి ఎంచుకున్నందుకు దక్కిన ఫలం అది. పిల్లలు పదిహేను మంది అయ్యాక మళ్లీ కట్టింది. ఇజ్రాయేలు ప్రతి పరీక్షకూ పని మానేసి గుంటూరు దాకా తోడు వెళ్లాడు, చెట్టు కింద నన్ను కాపలా కాస్తూ కూర్చున్నాడు.

నాలుగేళ్లు అనుకున్నది అయిదున్నరేళ్లయింది. ఫలితం వచ్చిన పొద్దున నా అద్దం సగం నల్లబడిపోయింది. ఆమె పేరు, 'ఉత్తీర్ణత' అన్న మాట కనిపించే సగంలోనే ఉన్నాయి. ఇజ్రాయేలు చదివి, మళ్లీ చదివి, రంగు చేతులతో కళ్లు తుడుచుకున్నాడు.

ఇప్పుడు ఆమె పక్క ఊళ్లో ఇంకో స్కూల్లో టీచర్. చేరిన రోజు నేనూ ఆమె సంచిలో ఉన్నాను. హాజరుపట్టీ ముందు పెడితే సంతకం ఎక్కడ చెయ్యాలో ఆమెకు తెలియలేదు. అన్నేళ్ల పాఠాల్లో ఆమె పేరు ఏ పట్టీలోనూ లేదు మరి. గుమాస్తా వేలు పెట్టి చూపిస్తే, పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, నెమ్మదిగా రాసింది.

నేను రిపేరు షాపులో అట్టపెట్టెలో ఉన్నాను. వీపు ఊడదీశారు. బాగుచెయ్యడం కుదరదన్నారు, సరే. నన్ను తొలిచే మాట ఒక్కటే. ఆమెకు డిగ్రీ లేదని పన్నెండేళ్లు తప్పెంచినవాళ్లలో ఒక్కరూ, ఆమె దగ్గర చదివిన పిల్లలకు అక్షరాలు రాలేదని ఒక్కసారి కూడా అనలేకపోయారు.